200 డాలర్లలో స్పీకర్లు: డాలస్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, డాలస్ వచ్చి ఆరు వారాలైందనీ, ఒక్కడివే అపార్ట్‌మెంట్ తీసుకున్నావనీ, 200 డాలర్లలో మంచి స్పీకర్లు చెప్పమనీ రాశావు. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌ని ఈసారి వచ్చేవాళ్లతో తెప్పించుకోనా అని కూడా అడిగావు. దానికి ముందు చెప్తాను: వద్దు.

2004లో న్యూజెర్సీ వచ్చినప్పుడు నేను చేసింది అదే. విజయవాడలో కొన్న 5.1 సెట్టు, అంటే ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్, మొత్తం ఆరు పెట్టెలు, అట్టపెట్టె మీద పీఎంపీవో వాట్లు వేలల్లో. రెండు సూట్‌కేసుల్లో ఒకటి దానికే సరిపోయింది. అమ్మ కట్టిన ఆవకాయ, కందిపొడి బయట పెట్టేసి మరీ సర్దాను. ఇక్కడికొచ్చి ప్లగ్గు పెడితే ఎర్రలైటు మినుకుమంది, అంతే. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. పట్టుదలగా ఒక స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. సెట్టు మోగింది కానీ ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూనే ఉండేది. పాట ఆపితే గదిలో ఆ రొద ఒక్కటే మిగిలేది. మంచు పడే రాత్రుల్లో దాన్ని వింటూ పడుకున్నాను తమ్ముడూ, అవతల మనిషి మాట లేదు, ఫోన్ కార్డులో నిమిషాలు లేవు.

ఆ పీఎంపీవో అంకె కూడా మర్చిపో. ఒక్క క్షణం కూడా నిలవని శక్తిని లెక్కగట్టి వేసే అంకె అది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే స్పీకరు ఆగకుండా ఇవ్వగల అసలు శక్తి. నీ గదికి ఒక్కో స్పీకరుకి ఇరవై వాట్లు చాలు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి అది కొంచెం తేడా మాత్రమే. వాటి కోసం డబ్బు పోయొద్దు.

రెండో తప్పు నీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పటికీ జరుగుతోంది. మొదటి చలికాలం, ఒక ఆదివారం, కిరాణా సామాన్లు పట్టుకుని పార్కింగ్‌లో నడుస్తున్నాను. తెల్ల వ్యాన్ ఒకటి పక్కన ఆగింది. ఇద్దరు మనుషులు నవ్వుతూ పలకరించారు. ఏదో ఆఫీసులో స్పీకర్లు బిగించడానికి వెళ్తున్నారట, గోడౌన్ వాళ్లు పొరపాటున ఒక జత ఎక్కువ ఎక్కించారట, చవగ్గా ఇచ్చేస్తారట. రంగుల కాగితం చూపించారు, ధర 1,900 డాలర్లని అచ్చేసి ఉంది. నేను ఏటీఎంకి వెళ్లి 300 తెచ్చిచ్చాను. ఇంటికొచ్చి విప్పితే లోపల అయస్కాంతం రూపాయి బిళ్లలు నాలుగు పేర్చినంత. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది.

ఎందుకు మోసపోయానో చాలా రోజులు ఆలోచించాను. ఆశ ఉంది, కాదనను. కానీ శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నాతో మాట్లాడిన మొదటి మనుషులు వాళ్లు. ఒంటరిగా ఉన్నవాడు పలకరించిన ప్రతివాడి దగ్గరా ఆగిపోతాడు. నువ్వు కూడా ఆగుతావు, అందుకే చెప్తున్నా. వ్యాన్‌లో అమ్మే స్పీకర్లు ఏ ధరకైనా కొనొద్దు.

సబ్‌వూఫర్ సంగతి ఒక్క మాటలో: వద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు ఎక్కువ భాగం చెక్కతో కట్టినవి, బేస్ నేల పట్టుకుని కింది ఇంటికి దిగుతుంది. నాకు లీజింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. లీజులో శబ్దం గురించి రాసినవి, రాత్రి వేళలు, నువ్వే చదువుకోగలవు.

ఇక కొనాల్సింది. లోపలే యాంప్లిఫయర్ ఉన్న చిన్న జత తీసుకో, వీటిని పవర్డ్ బుక్‌షెల్ఫ్ అంటారు. ఎడిఫయర్ ఆర్1280టీ లాంటిది నీ బడ్జెట్‌లో వస్తుంది: నాలుగంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్), రెండూ కలిపి 42 వాట్లు. దానికి బ్లూటూత్ లేదు. టీవీకి ఆప్టికల్ వైరు, ఫోన్‌కి బ్లూటూత్ కావాలంటే అందులోనే ఆర్1280డీబీ అని వచ్చేది చూడు. 200లో ఇంతకంటే ఎక్కువ పెట్టెలున్న సెట్టు వస్తోందంటే, ఆ డబ్బంతా ఆరు ముక్కలకి పంచుతున్నారని అర్థం. రెండు పెట్టెలకే ఖర్చు పెట్టు.

మీ తరం పిల్లలు యాభై రివ్యూలు చదువుతారు, ఒక్కసారీ వినరు. వాపసు ఇచ్చే వీలున్న చోట కొని, నీ గదిలో విను. ఘంటసాల గొంతు పెట్టు. ముక్కులోంచి పాడినట్టో, బావిలోంచి వచ్చినట్టో ఉంటే తిరిగి ఇచ్చేయ్. తర్వాత చిట్టిబాబు వీణ పెట్టు. తీగ మీటిన తర్వాత నాదం సాగి సాగి తగ్గడం వినపడాలి. బేస్ ఎంత ఊపిందో చూడకు, మనిషి గొంతు మనిషి గొంతులా ఉందా అన్నదే చూడు.

నా మొదటి మంచి జత సెకండ్ హ్యాండ్‌ది. గరాజ్ సేల్‌లో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర 60 డాలర్లకి కొన్నాను. గంటసేపు కూర్చోబెట్టి వినిపించి, కాఫీ ఇచ్చాడు. పాతవి కొనేటప్పుడు ముందు గుడ్డ మూత తీయించి, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు చూడు. ఏళ్లు గడిచే కొద్దీ అది వేలితో తాకితే పొడి పొడిగా రాలుతుంది, రాలితే వదిలేయ్. ఆ జతతో పదేళ్లు విన్నాను. ఇప్పుడు సొంత ఇల్లు, హాల్లో పెద్దవి పెట్టుకున్నాను, అయినా అవి బేస్‌మెంట్‌లో ఇంకా పలుకుతున్నాయి.

పెట్టే పద్ధతి కూడా ఖర్చు లేని పనే. గోడకి ఒక అడుగు ఎడంగా, ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తుకి వచ్చేలా రెండు స్టూళ్ల మీద పెట్టు. వాటి మధ్య ఎంత దూరమో నీకూ వాటికీ అంతే దూరం ఉండాలి. గోడకి ఆనిస్తే, వెనక రంధ్రం ఉన్న పెట్టెలు బొంగురుపోతాయి.

ఇప్పుడు నీ ప్రశ్నలో లేనిది చెప్తాను. ఆరు వారాలుగా సాయంత్రం తలుపు తీయగానే ఆ ఖాళీ గది ఎలా ఉందో నువ్వు రాయలేదు. నాకు తెలుసు. ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకో, ఆకాశవాణి విజయవాడ వస్తుంది. అక్కడ తెల్లవారగానే వచ్చే భక్తిరంజని నీకు ముందురోజు సాయంత్రం, అన్నం వండుకునే వేళకి వినిపిస్తుంది. వింటూ వండుకో.

అమ్మ వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్‌లు కూడా ల్యాప్‌టాప్ నుంచి వైరు కలిపి ఈ స్పీకర్లలో విను. ఫోన్‌లో మాట ఒక్కటే వినపడుతుంది. వీటిలో వెనకాల కుక్కర్ కూత, వీధిలో పాలబ్బాయి సైకిల్ బెల్లు, నాన్నగారు ఏదో అడుగుతుంటే అమ్మ "వస్తున్నా ఉండండి" అని అటు తిరిగి చెప్పడం, అన్నీ వినపడతాయి.