పడగొట్టిన మన ఇంటి ఫోటో ఎదురింటి వాళ్ల ఆల్బమ్‌లో ఉంటుంది

మీరు అడిగింది ఇది: నారాయణగూడలో మీ తాతగారు కట్టించిన మేడ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టి చాలా ఏళ్లయింది; ఇంటి ముందుభాగం కనిపించే ఫోటో మీ దగ్గర ఒక్కటీ లేదు; ఆ వీధి పాత ఫోటోలు ఏ గ్రంథాలయంలో, ఏ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి, దొరికితే ఏ ఇల్లు ఏదో ఎలా తేల్చుకోవాలి? నేను హిమాయత్‌నగర్‌లో పుట్టి పెరిగాను. మా వీధిలోనూ, చుట్టుపక్కల వీధుల్లోనూ పోయిన ఇళ్ల ఫోటోలను చాలాకాలంగా పోగుచేస్తున్నాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది ఒక్కటే: ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టకండి. మీ ఇంటి ఎదుట, పక్కన ఉండిన కుటుంబాలతో మొదలుపెట్టండి.

ఆర్కైవ్స్ మీద నాకు గౌరవం లేక ఈ మాట అనడం లేదు. హైదరాబాదు పాత ఫోటోలనగానే ఎవరికైనా రాజా దీన్‌దయాళ్ గుర్తొస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఆయన చేసిన పని సాటిలేనిది. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు పెద్ద సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి; నిజాం రాజ్యపు దృశ్యాలతో 1892లో కూర్చిన ఆల్బమ్ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఎంత ఠీవిగా నిలబడి ఉండేదో, సాలార్‌జంగుల భవనం దివాన్ దేవిడీలోని చీనీఖానా గోడల నిండా పింగాణీ ఎలా పరుచుకుని ఉండేదో ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే అది ఆ ఫోటోల పుణ్యమే. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆ దేవిడీ ఉన్నచోట ఇప్పుడు బజారు నడుస్తున్నది.

అయితే దీన్‌దయాళ్ 1905లోనే కన్నుమూశారు. మన నారాయణగూడ, హిమాయత్‌నగర్, బర్కత్‌పురాల్లో ఇళ్లు దట్టంగా లేచింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. అదీగాక, ఆ కాలంలో పెద్ద కెమెరా వెళ్లింది కబురు పంపి పిలిపించుకోగల వాళ్ల గుమ్మాలకే. వకీలో, బడిపంతులో, దఫ్తరులో గుమాస్తానో అప్పు చేసి కట్టుకున్న ఇంటి ముందు ఎవరూ ముక్కాలిపీట నిలబెట్టలేదు. సామాన్యుల ఇళ్లు గుంపుగా ఫోటోల్లోకి ఎక్కిన సందర్భం ఒకటి ఉంది: 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద. ఆ ఫోటోల్లో నది ఒడ్డు వీధులు కనిపిస్తాయి గానీ, అవి అప్పటికే కూలిపోయిన ఇళ్లు. నిలబడి ఉన్నప్పుడు వాటి ముఖం ఎలా ఉండేదో చెప్పేవి చాలా అరుదు.

ఈ తేడా ఇప్పటికీ పోలేదు. 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్, అంటే పాత సచివాలయంలోని జీ బ్లాకు, 2020లో కూల్చేటప్పటికి దాని ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి శాసనసభ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఆ వ్యాజ్యం నడిచినన్నాళ్లూ ఆ భవనం ప్రతి మూలనూ ఎవరో ఒకరు ఫోటో తీసి పెట్టారు. పెద్ద కట్టడం కోసం పోట్లాడేవాళ్లుంటారు, ఆ పోట్లాటతోపాటు ఫోటోలూ పుట్టుకొస్తాయి. మీ తాతగారి ఇంటి వంటిది మాత్రం ఇంటి చుట్టూ రేకులు కట్టిన కొన్నాళ్లకే నేలమట్టమవుతుంది. కలపను, తలుపులను, షాబాద్ బండలను పాత సామాన్ల వ్యాపారి లారీకెత్తుకుపోతే ఆ ఇంటి కథ ముగిసినట్టే.

మన పేటల్లో ఇళ్లు ఎందుకు పడగొట్టారో గుర్తుంచుకుంటే ఫోటోలు ఎటు పోయాయో కూడా తెలుస్తుంది. మెట్రో కోసమో రోడ్డు వెడల్పు కోసమో పోయినవి ముఖ్యరహదారి మీదివి. లోపలి వీధుల్లో నేను చూసినంతవరకు ఎక్కువ ఇళ్లు పోయింది పంపకాల వల్ల. ఒక తండ్రి కట్టిన ఇల్లు నలుగురు పిల్లలకు పంచడం కష్టం, అదే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాసి బిల్డరుకు ఇస్తే వచ్చే ఫ్లాట్లు పంచడం సులువు. ఇల్లు ఖాళీ చేసే రోజున వెండి సామాను ఎవరికి, దేవుడి మందసం ఎవరికి అని జాగ్రత్తగా తేల్చుకున్న కుటుంబాలు కూడా ఆల్బముల పెట్టె సంగతి పట్టించుకోలేదు. అది ఎవరి వాటా ఆటో ఎక్కితే వాళ్లింటికి చేరింది. అందుకని మీ బాబాయిలనే కాదు, అత్తయ్యలను, వాళ్ల పిల్లలను తప్పకుండా అడగండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు తమ పెళ్లి ఆల్బమ్ వెంట తీసుకువెళ్లారు. పుట్టింటి చివరి ఫోటోలు చాలాచోట్ల వాళ్ల అల్మారాల్లోనే ఉన్నాయి.

పెళ్లి ఆల్బమ్ అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఫంక్షన్ హాళ్లు వాడుకలోకి రాకముందు పెళ్లి ఇంటి ముందే జరిగేది. ప్రహరీ లోపల పందిరి, అది చాలకపోతే వీధిలో షామియానా, గేటు దగ్గర అరటిచెట్లు, వరుడి కారు, బ్యాండు మేళం: వీటన్నిటినీ ఫోటోగ్రాఫరు వరసగా తీసేవాడు. ఆయన పెళ్లివారి గేటులో నిలబడి ఎదురుకోలు తీస్తే వెనక కనిపించేది ఎదురిల్లు. అందువల్ల మీ ఇంటి పెళ్లిళ్ల ఫోటోల్లో ఎదురింటి వాళ్ల పోర్టికో, బాల్కనీ పిట్టగోడ, జాలీ కిటికీలు స్పష్టంగా ఉంటాయి. మీ ఇంటి ముఖం వాళ్ల ఆల్బమ్‌లో ఉంటుంది. మా వీధిలో నేను వెతికిన ఒక ఇంటి పూర్తి ముఖచిత్రం ఆ ఇంటి వారసుల్లో ఎవరి దగ్గరా దొరకలేదు. ఎదురింటి ఆవిడ అప్పగింతల ఫోటోలో, ఏడుస్తున్న బంధువుల తలల పైన, ఆ ఇంటి మేడ మొత్తం ఉంది. ఆ ఫోటోను ఆవిడ ఎన్నోసార్లు చూసుకుని ఉంటారు, కానీ వెనకున్న ఇంటి గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఎదురింటి వాళ్లు ఎవరో, ఇప్పుడెక్కడున్నారో తెలియకపోతే మీ తాతగారి పాత దస్తావేజు తీయండి. దాని చివర ఉండే షెడ్యూలులో నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటాయి. ఫలానావారి ఇల్లు, ఫలానావారి ఖాళీ స్థలం అని పొరుగువారి పేర్లే అక్కడ కనిపిస్తాయి. కింద సంతకం చేసిన సాక్షులు కూడా చాలాసార్లు ఆ వీధివాళ్లే అయి ఉంటారు. దస్తావేజు పోయి ఉంటే అపార్ట్‌మెంటు ఫ్లాటు కొన్నవాళ్ల దగ్గర లింకు డాక్యుమెంట్ల, అంటే ఆ స్థలం పాత దస్తావేజుల, నకళ్లు ఉంటాయి, బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర మరీ పదిలంగా ఉంటాయి. పోలీసు చర్యకు ముందరివైతే ఉర్దూలో ఉండవచ్చు, తేదీ ఫసలీలో, అంటే నిజాం రాజ్యపు రెవెన్యూ సంవత్సరాల లెక్కలో, ఉండవచ్చు. చదివిపెట్టే పెద్దలు ఇంకా ఉన్నారు, ఆలస్యం చేయకండి. ఇంటి నంబరు కూడా మీకు గట్టి ఆధారం. నారాయణగూడలో 3-5తో, హిమాయత్‌నగర్‌లో 3-6తో మొదలయ్యే నంబర్లు పాత ఇంటికి ఉన్నవే అపార్ట్‌మెంటుకూ కొనసాగాయి, చివర బై నంబర్లు చేరాయి, అంతే. కాబట్టి పాత ఉత్తరం కవరు మీది నంబరు పట్టుకుని ఇవాళ్టి గేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఇక దొరికిన ఫోటోను చదవడం. ముందు అది తిరగబడి అచ్చయిందో లేదో చూడండి. నెగెటివ్‌ను వెనకవైపుకు తిప్పి పెట్టి అచ్చు వేస్తే కుడి ఎడమలు మారతాయి, అప్పుడు ఇల్లు వీధికి ఏ పక్క ఉందో పూర్తిగా తప్పుతుంది. బోర్డు మీద అక్షరాలు ఉంటే చిక్కు లేదు. లేకపోతే మగవాళ్ల చొక్కా జేబు చూడండి, అది ఎడమవైపు ఉండాలి. పైట భుజాన్ని నమ్ముకోకండి. సుల్తాన్‌బజార్ చుట్టుపక్కల గుజరాతీ, మార్వాడీ కుటుంబాల ఆడవాళ్లు కుడి భుజం మీద వేసుకునేవారు.

తరువాత ఎండ. మాఘ, ఫాల్గుణ మాసాల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి, ఆ ముహూర్తాల ఫోటోలో మధ్యాహ్నం పూట ఇంటి ముఖం నిండా ఎండ పడుతుంటే అది దక్షిణముఖపు ఇల్లని, ముఖమంతా నీడలో ఉంటే ఉత్తరముఖమని అనుకోవచ్చు. శుభలేఖ దొరికితే తిథి తెలుస్తుంది, తిథి తెలిస్తే ఎండ లెక్క కుదురుతుంది. వీధి ఏ దిక్కుగా సాగుతుందో మారదు గనుక ఈ ఒక్క ఆధారంతోనే సగం ఇళ్లను పక్కన పెట్టేయవచ్చు.

పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన సంవత్సరం చూసి తొందరపడకండి. 1951 అని ఉంటే సందేహం లేదు. 1354 అని ఉంటే మాత్రం అది హిజ్రీ అయితే 1935-36, ఫసలీ అయితే 1944-45. తొమ్మిదేళ్ల తేడా వస్తుంది. మన హైదరాబాదు ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇంటి తీరు కూడా చెబుతుంది: గుండ్రంగా తిరిగిన వరండా, కిటికీల మీదుగా బారుగా సాగే సన్‌షేడ్, మెట్ల దగ్గర నిలువు జాలీ ఉన్నవి ఎక్కువగా నలభైల, యాభైల నాటివి, దూలాల మీద మద్రాసు టెర్రస్ వేసి డంగు సున్నంతో కట్టినవి అంతకంటే పాతవి కావచ్చు. వీధిలో బండి ఉంటే నంబరు పలక చూడండి. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమలయ్యాక ఏపీ 9 వంటి నంబర్లు వచ్చాయి. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ నంబర్లు ఇంగ్లీషు 'A'తో మొదలయ్యే మూడక్షరాలవి. గోడ మీది సినిమా పోస్టరు మరీ మంచి సాక్ష్యం, విడుదల తేదీ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ తేదీకి మరీ ముందు ఆ ఫోటో తీసి ఉండరు.

గ్రంథాలయాలను పూర్తిగా వదిలేయమని కాదు. కుటుంబాల వేట అయ్యాక, మీ చేతిలో ఇంటి నంబరు, పొరుగువారి పేర్లు, సుమారు సంవత్సరం ఉన్నప్పుడు వెళితే అక్కడి పని ఫలిస్తుంది. సుల్తాన్‌బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడండి. అక్కడ నేను ముఖ్యంగా వెతికేది పుస్తకాలు కాదు, సంస్థల వార్షికోత్సవ సంచికలు. నారాయణగూడలో 1928 నాటి మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ఉంది, 1940 నాటి కేశవ్ మెమోరియల్ ఉంది. ఇలాంటి బడుల గ్రూపు ఫోటోల్లో, ఊరేగింపుల్లో చుట్టుపక్కల ఇళ్లు వెనకాల నిలబడి ఉంటాయి. కూలిన తేదీ కావాలంటే గూగుల్ ఎర్త్‌లో గత రెండు దశాబ్దాల ఉపగ్రహ చిత్రాలను వెనక్కి జరుపుతూ పోండి, మీ ఇంటి కప్పు ఏ ఏడాది మాయమైందో కనిపిస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, జుమ్మెరాత్ బజార్‌లో ఒక్కోసారి కుటుంబాల ఆల్బములే అమ్మకానికి వస్తాయి. వాటిని చూసినప్పుడు నాకు కలిగే బాధ మాటల్లో చెప్పలేను, ఎందుకంటే అందులో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగల మనిషి అప్పటికే ఆ ఫోటోలతో తెగిపోయి ఉంటాడు.

ఒకరి ఆల్బమ్ మీ చేతికిచ్చారంటే అది పెద్ద నమ్మకం. ఇంటికి తీసుకుపోతానని అడగకండి, స్కానరు మీరే వాళ్లింటికి మోసుకువెళ్లండి. జిగురు పేజీలకు అతుక్కున్న ఫోటోను పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. చిన్న ఫోటోలకు 600 డీపీఐకి తగ్గవద్దు, ఎందుకంటే మనకు కావలసిన ఇల్లు మనుషుల వెనక బొటనవేలి గోరంత ఉంటుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత అక్కడే ఉంటాయి. నెగెటివ్‌లు ఉన్నాయా అని తప్పక అడగండి. స్కాన్ చేస్తూనే పక్కన కూర్చున్న పెద్దవాళ్లను మాట్లాడించి, వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేయండి. ఎవరి ఇల్లు, ఏ నంబరు, ఎటు ముఖం, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి ఫైలు పేరులో కాకుండా విడిగా ఒక పట్టికలో రాసుకోండి. ఫైలు పేర్లు వాట్సాప్‌లో పంపగానే మారిపోతాయి.

వాటిని బయట పెట్టేముందు ఆ కుటుంబాన్ని మళ్లీ అడగాలి. పంపకాల దావాలు ఇంకా నడుస్తున్న ఇళ్లున్నాయి. ప్రహరీ ఎక్కడిదాకా ఉందో చూపే ఫోటో కోర్టులో కాగితమవుతుందని భయపడేవాళ్లున్నారు. వద్దంటే వద్దు. నా దగ్గర అలా పెట్టెలోనే ఉంచిన మంచి ఫోటోలు ఉన్నాయి, వాటి అనుమతి కోసం తొందరపెట్టే ఉద్దేశం నాకు లేదు.

మీ వీధి పేరు, ఇంటి నంబరులో మొదటి రెండు అంకెలు, దస్తావేజు హద్దుల్లోని ఇంటిపేర్లు ఇక్కడ రాయకుండా నాకు విడిగా పంపండి. వై.ఎం.సి.ఏ. నుంచి హిమాయత్‌నగర్ వైపు సాగే వీధుల్లో యాభైల, అరవైల నాటి పెళ్లి ఫోటోల స్కాన్లు కొన్ని నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఇంకా ఏ ఇల్లో తేలని మేడలున్నాయి. వాటిని మీ అత్తయ్యగారికి చూపిద్దాం.