ఒకే ఇంటిపేరు, వేర్వేరు వంశాలు: ఆఫ్రికా డూబేలు

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో తరచుగా వినిపించే ‘డూబే’ అనే ఇంటిపేరు గురించి కొందరు పాఠకులు కొంతకాలంగా రాస్తున్నారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ పేరుకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: 2024 టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద ఆడిన మన శివమ్ దూబె ఇంటిపేరు, దక్షిణాఫ్రికా రెగే గాయకుడు లక్కీ డూబే ఇంటిపేరు ఇంగ్లీషులో ఒకే రకంగా రాస్తున్నారు. లక్కీ డూబే పూర్వీకులు ఇక్కడి నుంచి వలస వెళ్లినవారా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: కాదు. బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన ఆ ఫైనల్లో 16 బంతుల్లో 27 పరుగులు చేసిన శివమ్ ఇంటిపేరు ‘ద్వివేది’ నుంచి వచ్చిన ఉత్తరాది పేరు. లక్కీ డూబేది ఆఫ్రికన్ పేరు; జులూ భాషలో ‘ఇడూబే’ అంటే జీబ్రా. రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో కలిసిపోయాయే గాని వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. మన పత్రికలు ఒకరికి ‘ద’, మరొకరికి ‘డ’ రాయడం వల్ల తెలుగులో చదివేవారికి ఈ గందరగోళం కొంత తక్కువ.

మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది మొదలు, వేలాదిమంది తెలుగువారు, తమిళులు, ఉత్తరాదివారు డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతపు చెరకు తోటలకు చేరారు. అయితే వారి సంతతిలో ఇప్పుడు కనిపించే పేర్లు నాయుడు, రెడ్డి, గోవెందర్, పిళ్లై, మహరాజ్, సింగ్ వంటివి. దక్షిణాఫ్రికాలో డూబే అన్న పేరు వినిపిస్తే, దాదాపు ఎప్పుడూ అది ఆఫ్రికన్ కుటుంబమే.

ప్రశ్న: ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు జాన్ డూబే, జింబాబ్వే జాతీయ జట్టు ఫుట్‌బాల్ ఆటగాడు ప్రిన్స్ డూబే. వీరిద్దరూ ఒకే వంశం వారని అనుకోవచ్చునా? (ఒక అధ్యాపకురాలు, గుంటూరు)

జవాబు: అనుకోకూడదు. అసలు ఈ పేరులోని ఆసక్తికరమైన విషయమంతా అక్కడే ఉంది. దక్షిణాఫ్రికాలోని జులూ ప్రజలు, జింబాబ్వేలోని న్‌డెబెలే ప్రజలు ఇంటిపేరును ‘ఇసిబోంగో’ అంటారు. అది మన ఇంటిపేరు లాగా కుటుంబాన్ని గుర్తుపట్టడానికి పనికివస్తూనే, మన గోత్రం లాగా పెళ్లి సంబంధాల దగ్గర అడ్డు కూడా పడుతుంది. ఒకే ఇసిబోంగో ఉన్నవారు పెళ్లి చేసుకోకూడదన్నది పాత కట్టుబాటు. ప్రతి ఇసిబోంగోకూ పొగడ్తపేర్లు ఉంటాయి. డూబే కుటుంబంవారిని గౌరవంగా పలకరించాలంటే ‘మ్‌బుయజ్వే’ అంటారు. పెద్దవారిని పేరు పెట్టి పిలవడం కంటే ఈ పొగడ్తపేరుతో పలకరించడమే మర్యాద.

ఇక జాన్ డూబే సంగతికి వద్దాం. ఆయన వంశం నిజానికి న్గ్కోబో వంశంలోని కాడీ శాఖ. ఆయన తాతగారు కాడీలకు నాయకుడు, ఆయన పేరే డూబే. జులూ రాజు డింగానే 1830లలో ఆయనను చంపించాడు. భార్య బిడ్డతో తప్పించుకుని, డేనియల్ లిండ్లే అనే అమెరికన్ మతప్రచారకుడి ఆశ్రయం చేరింది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, జేమ్స్ డూబే పేరుతో ఇనాండా చర్చికి పాస్టరయ్యాడు. మిషన్ కుటుంబాల్లో యూరోపియన్ పద్ధతిలో ఒక ఇంటిపేరు ఉండాల్సి వచ్చినప్పుడు తండ్రి పేరు ఇంటిపేరుగా స్థిరపడింది. అంటే జాన్ డూబే ఇంటిపేరు ఆయన తాతగారి సొంత పేరే. నెల్సన్ మండేలా విషయంలోనూ ఇలాగే జరిగింది. మండేలా అన్నది ఆయన తాతగారి పేరు, వంశనామం మదీబా.

జింబాబ్వే డూబేల దారి వేరు. జులూ రాజ్యం నుంచి విడిపోయి ఉత్తరానికి కదిలిన మ్జిలికాజీ, 1840 ప్రాంతంలో ఇప్పటి బులావాయో పరిసరాల్లో న్‌డెబెలే రాజ్యాన్ని నిలబెట్టాడు. అక్కడ అప్పటికే ఉన్న కలంగా, రోజ్వీ ప్రజలు ఆ రాజ్యంలో కలిసిపోయారు. వారికి జంతువుల పేర్లతో కులచిహ్నాలు ఉండేవి. ఆ జంతువు మాంసం తినరు, అదే చిహ్నం ఉన్నవారిని పెళ్లాడరు. కొత్త రాజ్యపు భాషలోకి ఆ పేర్లు మారాయి. జీబ్రా చిహ్నం గల ‘మ్‌బిజీ’లు డూబేలయ్యారు, ఏనుగు చిహ్నం వారు న్‌డ్లోవులయ్యారు, కోతి చిహ్నం వారు న్‌చూబేలయ్యారు, సింహం వారు సిబండాలయ్యారు. బులావాయోలో హైలాండర్స్ జట్టుకు ఆడి, తరవాత టాంజానియాలో అజామ్, యంగ్ ఆఫ్రికన్స్ జట్లలో గోల్స్ కొట్టిన ప్రిన్స్ డూబే ఆ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఒక మనిషి పేరు నుంచి ఒక డూబే, జంతువు పేరు అనువాదమై మరొక డూబే. ఇంటిపేరు కలిసింది గదా అని చుట్టరికం కలపడం ఆ ప్రాంతంలో ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రశ్న: జాన్ డూబే, గాంధీజీ ఇరుగుపొరుగువారని విన్నాను. వారిద్దరూ కలిసి పనిచేశారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఇరుగుపొరుగు అన్నమాట నిజం. కలిసి పనిచేశారనడం మాత్రం మన కోరికే గాని చరిత్ర కాదు.

జాన్ లంగాలిబలెలే డూబే 1871లో డర్బన్‌కు ఉత్తరాన ఉన్న ఇనాండాలో పుట్టారు. 1887లో ఒక మతప్రచారకుడి వెంట అమెరికా వెళ్లి ఓబర్లిన్‌లో చదువుకున్నారు. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కెగీ విద్యాలయం ఆయన మీద బలమైన ముద్ర వేసింది. చేతిపని నేర్పే చదువు ఉంటేనే తనవారు ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడగలరని నమ్మి, 1901 నాటికి ఇనాండాలో ఒహ్లాంగె విద్యాలయాన్ని నెలకొల్పారు. దక్షిణాఫ్రికాలో ఒక నల్లజాతీయుడు స్థాపించిన తొలి విద్యాసంస్థ అదే. స్థలం ఇచ్చినవారు కాడీ నాయకుడు మ్కావే, ఆయన బంధువే. వడ్రంగం, చెప్పులు కుట్టడం, అచ్చుపని అక్కడ పాఠాలతో సమానంగా నేర్పేవారు. 1903 ఏప్రిల్‌లో ‘ఇలాంగా లాసె నటాల్’ అనే జులూ పత్రికను ప్రారంభించారు. అదే ఏడాది జూన్‌లో గాంధీజీ ‘ఇండియన్ ఒపీనియన్’ వెలువడింది. తొలిరోజుల్లో రెండు పత్రికలూ డర్బన్‌లో మదన్‌జిత్ వ్యావహారిక్ నడిపిన ముద్రణాలయంలోనే అచ్చయ్యేవి.

మరుసటి ఏడాది గాంధీజీ ఫీనిక్స్ ఆశ్రమానికి వంద ఎకరాలు కొన్నారు. అది ఒహ్లాంగెకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంది. 1905లో మౌంట్ ఎడ్జ్‌కూంబ్ చక్కెర తోటల యజమాని మార్షల్ క్యాంప్‌బెల్ ఇంట్లో డూబే చేసిన ప్రసంగం గురించి విని, గాంధీజీ తన పత్రికలో ఆయనను మెచ్చుకుంటూ రాశారు. ఆ వ్యాసంలో ఆఫ్రికన్లను ఆయన ‘కాఫిర్లు’ అనే రాశారు. ఆనాటి నటాల్‌లో తెల్లవారు, భారతీయులు మామూలుగా వాడిన ఆ మాట ఇప్పుడు దక్షిణాఫ్రికాలో కేసు పెట్టదగినంత దూషణ. గాంధీజీ ఆలోచనలు ఆ తరవాత చాలా మారిన మాట వాస్తవమే అయినా, ఆ వాక్యాన్ని దాటవేసి మెప్పును మాత్రమే ఉదహరించే వ్యాసాలు నాకు సరైనవిగా తోచవు.

గాంధీజీ సత్యాగ్రహం భారతీయుల హక్కుల చుట్టూనే తిరిగింది. డూబే పత్రిక మరో పక్క, భారతీయ వ్యాపారులు తనవారి అవకాశాలను అడ్డుకుంటున్నారని ఘాటుగా రాసేది. చెరకు తోటల్లో చవక కూలికి భారతీయులను దింపిన ప్రభుత్వం మీద నటాల్ ఆఫ్రికన్లకున్న కోపంలో కొంత, ఆ కూలీల మీదికే మళ్లింది. ఆ కూలీల్లో మన గంజాం, విశాఖ జిల్లాల వారూ ఉన్నారన్నది మరువరాదు. అయినా రాకపోకలు తెగలేదు. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికా వచ్చినప్పుడు ఒహ్లాంగెకు వెళ్లి డూబేతో మాట్లాడారు. ఈ పరిచయాల గురించి పత్రాలు వెతికి రాసినవారిలో నెల్లూరు జిల్లాలో పుట్టి ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని నడిపిన ఏనుగ శ్రీనివాసులురెడ్డి ఒకరు.

గోఖలే వచ్చిన ఆ ఏడాదే, జనవరి 8న బ్లూమ్‌ఫాంటీన్‌లో సౌత్ ఆఫ్రికన్ నేటివ్ నేషనల్ కాంగ్రెస్ పుట్టింది. ఆ సభకు డూబే హాజరు కాలేదు. ఆయన లేకుండానే ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1923లో ఆ సంస్థ పేరు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా మారింది. నల్లజాతివారికి దేశంలోని భూమిలో సుమారు 7 శాతం మాత్రమే మిగిల్చిన 1913 నాటి భూచట్టాన్ని రద్దు చేయించాలని 1914లో ఆయన ప్రతినిధి బృందంతో లండన్ వెళ్లారు. ఫలితం దక్కలేదు. 1917లో అధ్యక్ష పదవి పోయింది. ఆ తరవాత ఆయన రాజకీయాల్లో మెత్తబడ్డారని విమర్శించేవారు ఉన్నారు, ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ జులూ భాషలో తొలి నవల రాసిందీ ఆ మలి దశలోనే. 1946లో కన్నుమూశారు. 1994 ఏప్రిల్ 27న మండేలా జీవితంలో తొలిసారి ఓటు వేయడానికి దేశంలోని ఎన్నో కేంద్రాలను కాదని ఒహ్లాంగె పాఠశాలనే ఎంచుకున్నారు. అక్కడే ఉన్న డూబే సమాధి దగ్గర నిలబడి, దక్షిణాఫ్రికా నేడు స్వేచ్ఛ పొందిందని తొలి అధ్యక్షుడికి నివేదించారు.

ప్రశ్న: ఒహ్లాంగెను నిజంగా నిలబెట్టింది జాన్ డూబే భార్య అని ఎక్కడో చదివాను. ఆమె పేరు పెద్దగా వినపడదేం? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఆమె పేరు నొకుటెలా. పుట్టింటివారు మ్‌డిమా కుటుంబం. జులూ ఆచారంలో పెళ్లయినా ఆడపిల్ల తన తండ్రి ఇసిబోంగోను పూర్తిగా వదులుకోదు. ఇరుగుపొరుగు ఆమెను ‘మామ్‌డిమా’ అనే పిలుస్తారు. ఈ లెక్కన ఆమె డూబే కాగితాల మీద మాత్రమే. ఒహ్లాంగెలో ఆమె కుట్టుపని, వంట, సంగీతం నేర్పారు, అమెరికా పర్యటనల్లో పాడి విరాళాలు సేకరించారు, భర్తతో కలిసి 1911లో జులూ పాటల పుస్తకం వెలువరించారు. తరవాత జాతీయగీతంలో భాగమైన ‘న్కోసి సికెలెల్ ఆఫ్రికా’ పాటను ఊరూరికీ చేర్చిన బృందాల్లో ఒహ్లాంగె గాయకబృందం ముఖ్యమైనది.

పిల్లలు కలగలేదు. భర్తకు మరో స్త్రీతో సంబంధం ఏర్పడి బిడ్డ పుట్టడంతో సంసారం విడిపోయింది. 1917లో జొహానెస్‌బర్గ్‌లో, 44 ఏళ్ల వయసులో నొకుటెలా చనిపోయారు. బ్రిక్స్‌టన్ శ్మశానంలో పేరు చెక్కిన రాయైనా లేకుండా ఆమెను పూడ్చారు. మాలీ దేశంలో పుట్టి అమెరికాలో ఆచార్యుడిగా పనిచేసిన షెరీఫ్ కైటా, జాన్ డూబే జీవితంపై డాక్యుమెంటరీలు తీస్తూ ఆ సమాధిని వెతికి పట్టుకున్నారు. 2013లో దాని మీద రాయి నిలిచింది. 2017లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం ఆర్డర్ ఆఫ్ ది బావోబాబ్ అనే జాతీయ పురస్కారం ప్రకటించింది. వినపడకపోవడానికి కారణం ఒకటే: పత్రికా, పాఠశాలా, పార్టీ చరిత్రా అన్నీ భర్తవైపువారి చేతుల్లో ఉండిపోవడం.

ప్రశ్న: లక్కీ డూబేను ఎందుకు చంపారు? రాజకీయ హత్యా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: రాజకీయం కాదు, కారు దొంగతనం. 1964లో ఎర్మెలోలో పుట్టిన లక్కీకి ఆ పేరు ముద్దుపేరు కాదు. అంతకుముందు కాన్పులు నిలవని తల్లి, ఈ బిడ్డ పుట్టడమే అదృష్టమనుకుని పెట్టిన పేరు. మొదట జులూల మ్‌బకంగా పాటలు పాడేవారు. 1984లో రెగేలోకి మారి వెలువరించిన మొదటి రికార్డును వర్ణవివక్ష ప్రభుత్వం నిషేధించింది. ‘స్లేవ్’, ‘ప్రిజనర్’ ఆల్బమ్‌లతో ఖండమంతటా పేరొచ్చింది. 2007 అక్టోబరు 18 రాత్రి జొహానెస్‌బర్గ్ రోజెటెన్‌విల్‌లో పిల్లలను బంధువుల ఇంటి దగ్గర దించుతుండగా దుండగులు కారు కోసం కాల్పులు జరిపారు. 2009లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది.

ప్రశ్న: ఇంకా చెప్పుకోదగిన డూబేలు ఎవరైనా ఉన్నారా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ఉన్నారు. బోట్స్‌వానా విశ్వవిద్యాలయంలో బోధించిన మూసా డూబే, వలసపాలన అనుభవం నుంచీ స్త్రీల దృష్టి నుంచీ బైబిలును చదివి చూపిన వేదాంత పండితురాలిగా ప్రపంచ ప్రసిద్ధురాలు. దక్షిణాఫ్రికా గాస్పెల్ గాయకుల్లో బెంజమిన్ డూబే ముందువరసలో ఉంటారు. మనుషులు గాక ఊళ్లనూ లెక్కిస్తే, జొహానెస్‌బర్గ్ దగ్గరి సొవెటోలో డూబే అనే పేట, డర్బన్ కింగ్ షాకా విమానాశ్రయం పక్కనున్న డూబే ట్రేడ్‌పోర్ట్ అనే వాణిజ్య మండలం రెండూ జాన్ డూబే పేరు మీద ఏర్పడినవే.