ఉద్యోగం మానేయాలనిపిస్తోంది... ఇది భయమా, కళ్లు తెరుచుకోవడమా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నాతో పనిచేసే నా ఈడు స్నేహితుడు నాలుగు నెలల క్రితం గుండెపోటుతో నిద్రలోనే పోయాడు. అప్పట్నుంచి ఆఫీసు పనంతా వృథా అనిపిస్తోంది. మానేసి నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చేయాలనుంది. ‘కొన్నాళ్లు ఆగండి’ అంటుంది మా ఆవిడ. ఆ మాటకే కోపం వస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి నాడి చూసుకుంటున్నాను. గుండె పరీక్షలన్నీ నార్మల్. నాకేమైంది?

సలహా: భయమూ ఉంది, మేలుకోవడమూ ఉంది. చిక్కల్లా మీకు ఆ రెండూ ఒకటిగా కనిపించడమే.

మిగిలిన కాలం తక్కువనిపిస్తే మనిషి ఎప్పుడో పనికొచ్చే వాటిని పక్కనపెట్టి, దగ్గరివాళ్ల వైపు, తృప్తినిచ్చే పనుల వైపు మళ్లుతాడని మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్సన్ చూపించారు. దీనికి వయసుతో నిమిత్తం లేదు. కాబట్టి ఆఫీసు చప్పగా అనిపించడం జబ్బు కాదు. ఇక కోపం సంగతి. చావు గుర్తొచ్చినప్పుడు మనం నమ్మినదాన్ని మరింత గట్టిగా పట్టుకుని, కాదన్నవాళ్ల మీద కఠినమవుతామని 1986లో ఒక సిద్ధాంతం వచ్చింది. తర్వాతి ప్రయోగాలు కొన్ని దాన్ని బలపరచలేదు, అందుకే అదే నిజమని పట్టుబట్టను. అయినా ‘ఆగండి’ అన్న ఒక్క మాట మీకు శత్రువు మాటలా వినపడుతోందంటే ఆలోచించాల్సిందే.

రాజీనామాను ఆరు నెలలు వాయిదా వేయండి. వెనక్కి తీసుకోలేని నిర్ణయం కాబట్టి. అంతవరకు ఊరుకోమని కాదు. ముందు ఒక వారం మీ 168 గంటలు ఎటు పోతున్నాయో అరగంటల లెక్కన రాయండి, ఫోన్ చూసిన సమయంతో సహా. చాలామందికి ఇక్కడే తెలుస్తుంది, విలువలకు అడ్డు ఉద్యోగం కాదు, ఉద్యోగం అయ్యాక మిగిలిన గంటలని. తర్వాత ‘నలుగురికీ పనికొచ్చేది’ అన్నది ఎవరికి, ఏ పని, ఏ రోజు, ఎన్నింటికి అని తేల్చండి. ఇలాంటి కోరికలు ఎక్కువగా చెడేది ఈ స్పష్టత లేకనే. ఆ పనిని వారానికి మూడు గంటల చొప్పున ఎనిమిది వారాలు చేసి చూడండి. విసుగుపుట్టిన రోజున, చావు ఊసే గుర్తురాని రోజున కూడా వెళ్లాలనిపిస్తే అది మీ విలువ. రాత్రి రెండింటికి మాత్రమే గొప్పగా తోస్తే, అది భయం పుట్టించిన ఆలోచన.

మీ ఆవిడను ‘ఎన్నాళ్లు ఆగాలి, ఎంత డబ్బు చేతిలో ఉంటే నీకు ధైర్యం?’ అని అడగండి. వాదన లెక్కలోకి దిగుతుంది. బీమా, నామినీలు, వీలునామా కాగితాలు కూడా ఇద్దరూ కలిసి సరిచూసుకోండి. ‘నేను పోతే ఎలా’ అన్న భయంలో కొంత భాగం నిజానికి కాగితాల పనే.

నాడి చూసుకోవడం మాత్రం తగ్గించాలి. చూసిన కాసేపు ఊరట, ఆపైన మళ్లీ అనుమానం. చూసుకోబట్టే బతికున్నానని మనసు నేర్చుకుంటుంది. చేయి మణికట్టు మీదకు పోగానే పది నిమిషాలు ఆగండి, మరుసటి వారం ఇరవై. మళ్లీ మళ్లీ ఈసీజీ తీయించుకోవడం కూడా ఇలాంటిదే. కానీ ఛాతీలో నొప్పి, నడిస్తే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి కొత్తగా వస్తే ఈ మాట వర్తించదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చోండి. ఆ వేళ ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇంకొకటి. ఉత్తరమంతా మీ గురించే ఉంది. స్నేహితుడు పోయాడన్న ఒక్క మాట తప్ప, ఆయన్ని తలుచుకున్న వాక్యం ఒక్కటీ లేదు. తప్పుపట్టడం కాదు, దుఃఖాన్ని దాటేయడానికి మనసు ‘జీవితం మార్చేయాలి’ అన్న హడావుడిని తెచ్చుకుంటుంది. ఆయన ఇంటికి వెళ్లండి, ఆయన గురించి మాట్లాడండి.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా సైకియాట్రిస్టును కలవండి. బతకడం దేనికన్న ఆలోచన వస్తే రెండు వారాలు చూడొద్దు, ఆ రోజే వెళ్లండి.