యూనివర్సిటీ వాళ్ల మందుల ట్రయల్‌లో అమ్మని చేర్చవచ్చా? మా నాన్న చేరారు, అక్కడ చూసింది ఇది

మీరడిగింది రెండు ముక్కలు. కంపెనీ లేకుండా యూనివర్సిటీయే స్పాన్సర్ అంటే డబ్బంతా వాళ్లదేనా? అమ్మ మీద ప్రయోగం చేయనిచ్చినట్టు కాదా? రెండేళ్ల కిందట మా ఇంట్లో ఇదే టెన్షన్.

స్పాన్సర్ అనగానే మనకి క్రికెటర్ల చొక్కా మీద పేరు గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు. ట్రయల్ మొత్తానికి జవాబుదారీ ఎవరో వాళ్లే స్పాన్సర్. డబ్బు ఇంకెక్కడినుంచో రావచ్చు. కోవిడ్‌లో డెక్సామెథసోన్ పనిచేస్తుందని తేల్చిన రికవరీ ట్రయల్‌కి స్పాన్సర్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, డబ్బు ఎక్కువగా బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన నిధులది. రోజుకి 6 మిల్లీగ్రాముల చవక స్టెరాయిడ్. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2020 జూన్‌లో చెప్పారు. పేటెంటు ఎప్పుడో అయిపోయిన ఇలాంటి మందు మీద ఏ కంపెనీ ఖర్చు పెడుతుంది చెప్పండి?

నాన్నదీ పాత మందుల సంగతే. షుగర్ వల్ల అరికాళ్లు మంటలు. మేం వెళ్లే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈ నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్ అనే రెండు మందుల్లో ఏది ముందు మొదలుపెడితే మేలో చూస్తున్నారు. నిజానికి అది ఒక పీజీ డాక్టరమ్మ థీసిస్. మన దగ్గర ఇలాంటివి చాలా జరుగుతుంటాయి, తప్పేమీ లేదు.

మా పెద్దమ్మ మాత్రం "ఖమ్మంలో ఆడపిల్లలకి ఏం చేశారో మర్చిపోయారా?" అని లేచింది. 2009లో అక్కడ ఒక పరిశోధన ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలామంది పిల్లలకి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటు కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి పెద్దమ్మ భయం ఉత్తదేం కాదు. అందుకే తెలుగులో ఉన్న సమాచార పత్రం ఇంటికి తెచ్చి, రెండు రోజులు పెట్టుకుని చదివాం. ఇంటికి ఇవ్వం, ఇక్కడే సంతకం పెట్టండి అంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

ఏ మందు ఎవరికన్నది డాక్టరు ఎంచరు. నంబరు వేసి అంటించిన ఖాకీ కవరు ఒకటి మా ముందే చించారు. లోపల ఒక చీటీ. "లాటరీయా అమ్మా?" అన్నారు నాన్న. "అంతే తాతగారూ, నేను ఎంచితే నాకు నచ్చిన మందే గెలుస్తుంది" అందావిడ. పన్నెండు వారాలు ప్రతిసారీ నొప్పి పదికి ఎంత అని అడిగేది. నాన్న "రూపాయికి పన్నెండణాలు" అనేవారు. పాపం, ఏడు వేయాలా ఎనిమిది వేయాలా అని తలపట్టుకునేది.

ఇబ్బంది ఒకటి వచ్చింది, దాచను. ప్రీగాబాలిన్ మొదలైన నాలుగో రోజు నాన్నకి కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో తూలారు. ఆ మందుకి మగత, తల తిరగడం మామూలేనట. కాగితం మీదున్న నంబరుకి చేస్తే ఎత్తలేదు, పీజీ వాళ్లకి పరీక్షలు. కంపెనీ ట్రయల్స్‌లో ఫోన్ చూసుకోవడానికి జీతానికి కోఆర్డినేటర్ ఉంటారు. ఇక్కడ అన్నీ ఆ ఒక్క పిల్లే. చివరికి అదే కాగితం కింద ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే కమిటీ) కార్యదర్శి నంబరు కనిపించింది. చేసిన గంటలో ప్రొఫెసరే ఫోన్ చేసి డోసు తగ్గించారు.

అందుకని సంతకానికి ముందే గైడు ప్రొఫెసర్ నంబరు, ఎథిక్స్ కమిటీ నంబరు మీ ఫోన్‌లో వేసుకోండి. హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిదో కాగితంలో రాసి ఉందో లేదో చూడండి. సీటీఆర్ఐ, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ, అందులోని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆ సైట్‌లో కొడితే స్పాన్సర్ ఎవరో, డబ్బు ఎవరిదో, ఎంతమందిని తీసుకుంటున్నారో ఉంటుంది. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు, అదీ రాతలో ఉండాలి. సంతకం చేసిన కాపీ ఒకటి మీకివ్వాలి. మాది ఇప్పటికీ నాన్న ఇన్సులిన్ డబ్బాలోనే ఉంది.