ఎల్‌ఎం317 సప్లైలో కరెంట్‌కు హద్దు పెట్టేదెలా?

ఇంట్లో చేసుకున్న ఎల్‌ఎం317 (వోల్టేజ్‌ను స్థిరంగా ఉంచే ఐసీ) పవర్ సప్లైలో వోల్టేజ్ మార్చుకోవచ్చు. కరెంట్‌కు హద్దు పెట్టాలంటే దాని ముందు, అంటే ఇన్‌పుట్ వైపు, ఇంకో ఎల్‌ఎం317 పెట్టండి. ముందుదాని అవుట్‌పుట్ పిన్‌కు రెసిస్టర్ తగిలించి, రెండో కొసను దాని అడ్జస్ట్ పిన్‌కూ, వెనకున్న ఐసీ ఇన్‌పుట్‌కూ కలపండి. 1.25ను ఓమ్‌లతో భాగిస్తే వచ్చేదే గరిష్ఠ కరెంట్: 12 ఓమ్‌లకు సుమారు 100 మిల్లీఆంపియర్లు, 1.2కు 1 ఆంపియర్. ఈ 1.2 ఓమ్‌లది 3 వాట్లది వాడండి, పావు వాట్‌దైతే నల్లగా మాడిపోతుంది.

హద్దు మార్చుకోడానికి ఆ రెసిస్టర్ బదులు వాల్యూమ్ పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) మాత్రం వద్దు. కరెంటంతా దాని సన్నటి ట్రాక్ మీదుగానే పోయి కాలుస్తుంది. రోటరీ స్విచ్‌తో రెసిస్టర్లు మార్చుకోండి. ఇన్‌పుట్ వోల్టేజ్ అవుట్‌పుట్ కన్నా 7 వోల్టులైనా ఎక్కువుండాలి. షార్ట్ అయితే వేడిలో ఎక్కువ భాగం ముందున్న ఐసీదే, దానికి పెద్ద హీట్‌సింక్ బిగించండి.

ఇన్ని చేసినా ఎల్‌ఈడీ కాలిందా? అవుట్‌పుట్ కెపాసిటర్ చూడండి. 1000 మైక్రోఫారడ్‌లదైతే అందులో నిల్వున్న ఛార్జ్‌కు ఈ హద్దు వర్తించదు. 10 చాలు.