ఇంట్లో విస్కీ రుచుల సాయంత్రం: నాలుగు సీసాలు, చిన్న కొలతలు, భోజనం ఆ తర్వాతే

ఆరుగురు మిత్రులను ఇంటికి పిలిచి మంచి విస్కీలను రుచి చూసే సాయంత్రం ఏర్పాటు చేయాలనుకుంటున్నానని, ఎన్ని రకాలు పెట్టాలో, వాటితో ఏం వడ్డించాలో చెప్పమని మీరు అడిగారు. హనుమకొండలోని మా ఇంట్లో నాలుగేళ్లుగా ప్రతి డిసెంబరులో ఇలా కూర్చుంటున్నాం కాబట్టి నా అనుభవం చెబుతాను. ముందుగా వంటింటి సంగతి చూసుకోండి.

మొదటి ఏడాది నేను పొరపాటు చేసింది అక్కడే. కారం దట్టించిన కోడి వేపుడు, వేడివేడి మిర్చి బజ్జీలు మొదట్లోనే బల్ల మీద పెట్టాను. రెండో గ్లాసుకే అందరి నాలుకలూ మండిపోయాయి, గదంతా నూనె వాసన నిండింది, ఎంతో శ్రద్ధగా ఎంచి తెచ్చిన సీసాల మధ్య తేడా ఒక్కరికీ తెలియలేదు. ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది. ఇప్పుడు మిత్రులను సాయంత్రం ఏదైనా తిని రమ్మంటాం. రుచి చూసే గంటన్నర సేపు మంచినీళ్లు, ఉడికించిన పల్లీలు మాత్రమే ఉంచి, సర్వపిండి, మటన్ కూర, జొన్నరొట్టెలు ఆ తర్వాత వడ్డిస్తాం. దీపం పెట్టేవేళ అగరొత్తులు వెలిగించే ఇల్లయితే ఆ వాసన పూర్తిగా పోయాకే సీసాలు తెరవండి.

నాలుగు రకాలు చాలు. మనిషికి ఒక్కోటి 15 మిల్లీలీటర్లు పోస్తే మొత్తం 60 అవుతుంది, అంతకు మించితే ముక్కు పనిచేయదు. తేలికైన దానితో మొదలుపెట్టి పొగ వాసన గల దానితో ముగించాలి. మేము గ్లెన్‌లివెట్ 12, గోవాలో తయారయ్యే పాల్ జాన్ బ్రిలియన్స్, బెంగళూరు అమృత్ ఫ్యూజన్, చివరగా లాఫ్రోయిగ్ 10 అనే వరుస పాటిస్తాం (పేర్ల పక్కనున్న అంకెలు పీపాలో ఉంచిన ఏళ్లు). ఫ్యూజన్‌లో మన దేశపు బార్లీతోపాటు పీట్ (బురదనేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ పట్టించిన స్కాట్లండ్ బార్లీ కూడా ఉంటుంది కనుక, లాఫ్రోయిగ్ ఘాటుకు అది ముక్కును సిద్ధం చేస్తుంది. అయితే అందులో ఆల్కహాలు 50 శాతం, కాబట్టి నాలుగు చుక్కల నీళ్లు కలపండి. ఐస్ మాత్రం వద్దు, చల్లదనానికి వాసనలు అణిగిపోతాయి. గ్లాసు మూతి సన్నగా ఉండాలి, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి.

ఇంగ్లీషు సమీక్షల్లోని వర్ణనలను ముందే చదివి వినిపించకండి, ఎవరికి తోచింది వారిని చెప్పనివ్వండి. గత డిసెంబరులో పరకాల నుంచి వచ్చిన మిత్రుడు లాఫ్రోయిగ్ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు మౌనంగా ఉండి, “అన్నా, గిది పచ్చికట్టెల పొయ్యి వాసన, మా అమ్మమ్మ ఇంట్ల గిట్లనే ఉండేది” అన్నాడు. పక్కనున్న మరొకరికి దవాఖానలో గాయానికి పూసే అయోడిన్ గుర్తొచ్చింది. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే లాఫ్రోయిగ్ తయారయ్యే స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో మొలకెత్తిన బార్లీని పీట్ మంట పొగలో ఆరబెడతారు, ఆ పొగలోని ఫినాల్స్ అనే ఘాటు వాసన పదార్థాలు గింజకు పట్టి సీసాదాకా వస్తాయి. పొయ్యి పొగ మధ్య పెరిగిన మనవాళ్లు ఆ వాసనను ఎంత త్వరగా పోల్చుకుంటారో చూస్తే నాకు ఎప్పుడూ సంతోషమే.

కాజీపేట నుంచి వచ్చేవారు కూడా బండి తేకుండా ఆటోలోనే రావాలన్నది మేము ముందే పెట్టుకున్న షరతు. పరకాల మిత్రుడికి ముందుగదిలో పరుపు వేసే ఉంచుతాం.