సైకిలు సందేహాలు: జారే దారుల్లో పడకుండా

ధనుర్మాసం వచ్చిందంటే మాకు చేరే ఉత్తరాల్లో ఎక్కువ భాగం జారి పడటం గురించే ఉంటాయి. కొన్ని కాలవ గట్ల నుంచి వస్తాయి, కొన్ని పిల్లలు చదువులకు వెళ్లిన చలి దేశాల నుంచి. ఊరేదైనా మనిషిని కింద పడేసేది చాలామట్టుకు ముందు చక్రమే. అందుకే ఈసారి వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ఫిన్లాండులో ఔలు అనే ఊళ్లో చదువుతున్నాడు. బస్సు ఖర్చు ఎందుకని పాత సైకిలు కొన్నాడు. గడ్డకట్టిన మంచు మీద ఇప్పటికే రెండుసార్లు పడ్డాడట. అసలు అలాంటి చోట సైకిలు తొక్కుతారా? మానెయ్యమని చెప్పమంటారా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: మానెయ్యమనకండమ్మా, టైర్లు మార్చమనండి. చలికాలం సైకిలు తొక్కడంలో ఔలుకు ప్రపంచంలోనే పేరుంది. శీతకాలపు సైకిలు ప్రయాణం మీద తొలి అంతర్జాతీయ సమావేశం 2013లో ఆ ఊళ్లోనే జరిగింది. అక్కడ సైకిళ్లకు వేరే దారులున్నాయి, వాటి మీద మంచు ఎప్పటికప్పుడు చదును చేస్తారు. చదును చేసిన పొడి మంచు మీద మామూలు టైరు కూడా కొంత నిలబడుతుంది. ప్రమాదమంతా కరిగి మళ్లీ గడ్డకట్టిన గాజు పలకలాంటి మంచు మీద. వింతేమిటంటే, చలి మరీ ఎక్కువగా ఉన్న రోజుకంటే సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉన్న రోజే ఎక్కువ జారుతుంది. అప్పుడు గడ్డ మీద పలచటి నీటి పొర ఉంటుంది. మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల్లో ఆ పొర ఉండదు కాబట్టి పట్టు కాస్త మెరుగు.

అక్కడ మేకుల టైర్లు దొరుకుతాయి. టైరు పైన వరసగా చిన్న లోహపు మొలలుంటాయి, అవి గడ్డలో గుచ్చుకుని పట్టునిస్తాయి. కొనేటప్పుడు మొలల కొన టంగ్‌స్టన్ కార్బైడ్‌దేనా అని చూడాలి. వట్టి ఉక్కు మొలలు మంచు లేని తారు రోడ్డు మీద తొందరగా అరిగిపోతాయి. నోకియన్ పేరుతో ఇదివరకు వచ్చిన రకాల్లో ఒకదానికి 106 మొలలు, ఇంకోదానికి 240. బాగా చదును చేసిన దారికి మొదటిది సరిపోతుంది. చక్రాల గాడులు పడి గడ్డకట్టిన చోట గాడి అంచు టైరు పక్కను తోస్తుంది, అక్కడ పక్క వరసల్లో కూడా మొలలుంటేనే పని జరుగుతుంది. పొదుపు చూసుకునే కుర్రాడైనా ఈ ఒక్క వస్తువు దగ్గర 240 మొలలదే తీసుకోవాలని మా మాట.

రెండు చక్రాలకూ కొనే డబ్బు లేకపోతే ఒక్క టైరే కొని ముందు చక్రానికి వెయ్యాలి. వెనక చక్రం జారితే సైకిలు తోక ఊపుతుంది, సర్దుకోవడానికి క్షణం దొరుకుతుంది. ముందు చక్రం జారితే కాలు దించేలోపే మనిషి నేల మీద ఉంటాడు.

టైరు సైజు పాత టైరు పక్కనే అచ్చయి ఉంటుంది, 42-622 లాగా. రెండో అంకె తప్పకుండా కలవాలి. మొదటి అంకె కొంచెం పెరగొచ్చు, కానీ మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మొలల ఎత్తు పోను ఇంకా ఖాళీ మిగలాలి. వేసేటప్పుడు పక్కన ఉండే బాణం గుర్తు చక్రం తిరిగే వైపు చూడాలి. వేసిన వెంటనే మంచు మీదకు పోకూడదు. మొదటి 40, 50 కిలోమీటర్లు గట్టి తారు రోడ్డు మీద, గట్టి బ్రేకు వెయ్యకుండా, ఒక్కసారిగా తొక్కకుండా నడిపితే మొలలు తమ గుంటల్లో కుదురుకుంటాయి. ఈ పని చెయ్యనివాళ్లకే నెల తిరక్కుండా మొలలు ఊడిపోతుంటాయి.

గాలి సంగతి కూడా ఉంది. 20 డిగ్రీల గదిలో 45 పీఎస్‌ఐ గాలి కొట్టి మైనస్ 15 డిగ్రీల్లోకి తీసుకెళ్తే అది 38 దగ్గరకు పడిపోతుంది. లీకు లేదు, చలికి గాలి కుంచించుకుపోతుంది, అంతే. కాబట్టి బయటి చలిలో చూసిన కొలతే లెక్క. 42 మిల్లీమీటర్ల టైరుకు, 65 కిలోల మనిషికి 35 నుంచి 40 పీఎస్‌ఐ సరిపోతుంది, అయితే టైరు మీద వేసిన కనిష్ఠం కంటే మాత్రం కిందికి దిగకూడదు. గాలి కాస్త తక్కువైతే పక్క మొలలు కూడా నేలను తాకుతాయి.

నడిపే తీరు ఒక్క ముక్కలో చెప్తాం: ముందు చక్రానికి ఒకేసారి రెండు పనులు చెప్పకూడదు. వేగం మలుపుకు ముందే, నిటారుగా ఉన్నప్పుడే, వెనక బ్రేకుతో తగ్గించుకోవాలి. మలుపులో బ్రేకు ముట్టకుండా, ఒళ్లు వంచకుండా, వెడల్పుగా తిరగాలి. సీటు రెండు సెంటీమీటర్లు దించితే పాదం తొందరగా నేలకందుతుంది. వంతెనల కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు తడిగా ఉన్నప్పుడే వంతెన మీద గడ్డకట్టి ఉంటుంది. అక్కడ బ్రేకూ వద్దు, మలుపూ వద్దు.

ఇక మీరు పంపే స్వెట్టర్ల సంగతి. బయల్దేరిన మొదటి పది నిమిషాలు కొంచెం చలేస్తూ ఉంటేనే బట్టలు సరిగా ఉన్నట్టు. చెమట పట్టిందంటే ఆగిన వెంటనే ఒళ్లు చల్లబడిపోతుంది. లోపల నూలు బనియను వద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. పలచటి ఉన్ని గానీ పాలిస్టరు గానీ వేసి, పైన గాలి చొరని కోటు వేసుకోవాలి. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే చేతి తొడుగులు వెచ్చన. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. డిసెంబరు చివర అక్కడ పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ తప్పనిసరి.

ప్రశ్న: మాది తణుకు. ఉద్యోగం కెనడాలో. మైనస్ 20 వచ్చిన రోజున పెడలు తొక్కితే ఖాళీగా తిరుగుతోంది, చక్రం కదలదు. ఇంట్లో పెడితే బాగవుతుంది, బయటికి తీస్తే మళ్లీ అదే.

జవాబు: వెనక చక్రం మధ్యన ఉండే ఫ్రీవీలు లోపల పళ్లకు తగులుకునే చిన్న నాలుకలుంటాయి. సన్నటి స్ప్రింగులు వాటిని బయటికి నెడతాయి. లోపలి గ్రీజు చలికి బిగిసినా, చేరిన నీరు గడ్డకట్టినా స్ప్రింగుకు ఆ బలం చాలదు. నాలుకలు లోపలే ఉండిపోతాయి. వేడినీళ్లు మాత్రం పొయ్యకండి, ఆ నీరే మళ్లీ గడ్డకడుతుంది.

సైకిలును వెచ్చటి గదిలో ఒక రాత్రంతా ఆరనివ్వండి. చక్రం విప్పి పక్కకు పడుకోబెట్టి, తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య సందులో కుట్టుమిషను నూనెలాంటి పలచటి నూనె చుక్కలుగా వేస్తూ తిప్పండి. అవతలివైపు శుభ్రమైన నూనె కారేదాకా వెయ్యాలి. గేర్ల చక్రం విడిగా ఊడే రకమైతే హబ్బు విప్పించి పాత గ్రీజు తుడిపించి, అతిచలికి పనికొచ్చే పలచటి గ్రీజు పొరగా రాయించండి. నిండా కూరితే రోగం మళ్లీ మొదటికొస్తుంది.

రోజూ లోపలికీ బయటికీ తిప్పడం కూడా మంచిది కాదు. లోపల కరిగిన మంచు కేబుల్ గొట్టాల్లోకి దిగి, బయటికి రాగానే గడ్డకట్టి బ్రేకు తీగను పట్టేస్తుంది. పెడితే పూర్తిగా ఆరేలా లోపల పెట్టండి, లేదా చలిలోనే షెడ్డులో ఉంచండి. బ్యాటరీ లైటును మాత్రం ఇంట్లోకి తెచ్చుకోవాలి. లిథియం బ్యాటరీని సున్నాకు దిగువన చార్జి చేస్తే పాడవుతుంది, వేడెక్కాకే పెట్టండి.

ప్రశ్న: తెల్లవారుజామున కాలవ గట్టు మీద చెరో 20 లీటర్ల పాల క్యాన్లు రెండు కట్టుకుని ముమ్మిడివరం వైపు వెళ్తాను. వానలు లేకపోయినా మంచు తడికి బంకమట్టి జారుతోంది. పాత నల్ల సైకిలు, కడ్డీ బ్రేకులు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అడుగున గట్టిగా ఉండి పైపొర మాత్రమే తడిసిన మట్టి, లోతు బురదకంటే ఎక్కువ మోసం చేస్తుందండి. టైరు ఆ పైపొర మీదే తేలుతుంది. బోడి మట్టి గాడిలో కాకుండా మధ్యన పచ్చిగడ్డి ఉన్న బెల్టు మీద నడపండి, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. కాలవ వైపు అంచు లోపల కోసుకుపోయి ఉంటుంది, చేను వైపే ఉండండి. కోతలయ్యాక దారిలో పరుచుకున్న తడి ఎండుగడ్డి కనిపిస్తే దిగిపోండి.

ముఖ్యమైన సంగతి బరువు. మీ క్యాన్లు క్యారియర్‌కు వెనక చివర వేలాడుతుంటే 40 కిలోలు వెనక ఇరుసును దాటి పడుతుంది, ముందు చక్రం తేలికైపోతుంది. తేలికైన ముందు చక్రం హ్యాండిలు మాట వినదు. క్యాన్ల మధ్యభాగం వెనక ఇరుసుకు సూటిగా గానీ, మడమ తగలనంత వరకు ఇంకొంచెం ముందుకు గానీ వచ్చేలా, వీలైనంత కిందికి కట్టండి. సగం నిండిన క్యానులో పాలు ఊగి మలుపులో లాగేస్తాయి. పాలు తక్కువున్న రోజు రెండిటిలోనూ సమానంగా పోసుకోండి.

మీ చక్రానికి 28 బై ఒకటిన్నర టైరు ఉంటుంది. ముందుది గళ్లు దూరదూరంగా ఉన్న పువ్వుది చూసి మార్పించండి. రబ్బరు వాల్వు ట్యూబులో గాలి వెనక్కి రాదు, మామూలు గేజి సరిగా చూపించదు. మీరు సీటు మీద కూర్చున్నప్పుడు ముందు టైరు నేల దగ్గర కొద్దిగా ఉబ్బితే చాలు. వెనక మాత్రం బరువుంది కాబట్టి గట్టిగానే ఉండాలి, లేకపోతే రిమ్ము తగిలి ట్యూబు కోసుకుంటుంది. మడ్‌గార్డులో మట్టి బిగుసుకుంటే గీకడానికి చిన్న వెదురు పుల్ల క్యారియర్‌కు గుచ్చి ఉంచుకోండి.

తడి ఉక్కు రిమ్ము మీద కడ్డీ బ్రేకు పట్టు సగానికి పైగానే పోతుందనుకోండి. ఆగాల్సిన చోటుకు పది, పదిహేను మీటర్ల ముందే రెండుసార్లు మెల్లగా నొక్కి రిమ్ము తుడుచుకోనివ్వండి, తర్వాత గట్టిగా పట్టండి.

ప్రశ్న: రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా వెళ్లొచ్చా?
– ఉండి

జవాబు: వద్దు. గింజలు చక్రం కింద దొర్లుతాయి, రైతుకూ నష్టం. పక్కన దారి లేకపోతే దిగి నడిపించండి. రాత్రిపూట బరకాల అంచులకు పెట్టిన రాళ్లు కూడా ఉంటాయి, ముందు లైటు లేకుండా ఆ రోడ్డు ఎక్కకండి.

ప్రశ్న: పొగమంచులో లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడలా కనపడుతోంది.
– రాజోలు

జవాబు: లైటు హ్యాండిలు మీద, మీ కళ్లకు దగ్గరగా ఉంది. దాన్ని ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గరకు దించి, వెలుగు ఐదారు మీటర్ల దూరంలో నేల మీద పడేలా వంచండి. రెండు పెడళ్లకూ మెరిసే స్టిక్కర్లు అతికించండి, పైకీ కిందికీ కదిలే మెరుపు డ్రైవర్ల కంటికి తొందరగా ఆనుతుంది. చించినాడ వంతెన మీద గోదావరి పొగమంచు దట్టంగా ఉన్న పూట ఎండ వచ్చేదాకా ఆగడమే మేలు. లారీవాడికి మీరు కనిపించరు.

ప్రశ్న: మేం నలుగురం భీమవరం నుంచి జనవరిలో లంబసింగి వెళ్తున్నాం, ఘాటు రోడ్డు సైకిళ్ల మీదే. అక్కడ మంచు గడ్డకడుతుంది కదా, మేకుల టైర్లు తెప్పించుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. బాగా చలిగా ఉన్న తెల్లవారుజామున గడ్డి మీదా, వాహనాల పైనా తెల్లటి పొర కనిపిస్తుంది గానీ రోడ్డు గడ్డకట్టి ఉండదు. వట్టి తారు మీద మొలలు అరగడం తప్ప ఒరిగేదేం లేదు, పైగా తడి తారు మీద రబ్బరుకున్న పట్టు లోహానికి ఉండదు.

మీరు భయపడాల్సింది దిగుడుకు. మలుపుల్లో చెట్ల నీడన రాలిన తడి ఆకులుంటాయి, కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకును సరిగా నొక్కలేవు. మైదానంలో ఉన్న మనకు చేతి తొడుగుల అలవాటు ఉండదు, ఇవి మాత్రం తప్పక కొనుక్కోండి. బయల్దేరే ముందే బ్రేకు రబ్బర్లు మార్చండి, గాడులు కనిపించనంత అరిగితే పనికిరావు. ఎండెక్కి రోడ్డు ఆరాక దిగండి. దిగేటప్పుడు ఒకే బ్రేకు పట్టుకుని కూర్చుంటే రిమ్ము కాలి ట్యూబు పేలొచ్చు. ముందుదీ వెనకదీ మార్చి మార్చి నొక్కుతూ, వాలు ఎక్కువున్న చోట ఆగి రిమ్ము చల్లారనివ్వండి. దిగేముందు చొక్కా లోపల, ఛాతీ మీద రెండు మడతల దినపత్రిక పెట్టుకోండి. గాలిని ఆపడంలో దానికి మించింది ఆ ధరలో దొరకదు.

ప్రశ్న: రొయ్యల చెరువుల దగ్గర పని. ఉప్పునీరు తగిలి చైను ఆరు నెలలకే తుప్పు పట్టి పోతోంది.
– నరసాపురం దగ్గర నుంచి

జవాబు: మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి సైకిళ్లకూ ఇదే జబ్బు, ఇదే వైద్యం. ఏ రోజుకారోజు మంచినీళ్లతో చెంబుతో కడగండి. మోటారు పంపు ఒత్తిడితో కొడితే ఉప్పు ఇరుసు గోళీల్లోకి దూరుతుంది. గుడ్డతో తుడిచి ఆరాక, చైను ఒక్కో లంకెకు ఒక్క చుక్క నూనె వేసి, పావుగంట తర్వాత పైన మిగిలింది పూర్తిగా తుడిచెయ్యండి. నూనె పని చేసేది లోపల, పైన ఉంటే ఇసుక పడుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు వద్దు. సీటు గొట్టాన్ని రెండు నెలలకోసారి బయటికి లాగి గ్రీజు రాసి పెట్టండి, లేకపోతే తుప్పుతో అతుక్కుపోతుంది. చైను మార్చాలా వద్దా అని స్కేలుతో తెలుస్తుంది: ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కలో వదిలేసి, 24వ పిన్ను మధ్యదాకా కొలిస్తే కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతుదాకా ఆగితే పళ్ల చక్రాలు కూడా కొనాల్సి వస్తుంది.

ప్రశ్న: సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు ఇనుప రేకు మీద జారి పడ్డాను. టైరు కొత్తదే.

జవాబు: తడి ఇనుము మీద ఏ టైరూ నిలవదు. రేకుకు ముందే దిగి, సైకిలును ఎడమ చేతివైపు పెట్టుకుని, రేకు మీద అడ్డంగా కాకుండా తిన్నగా నడిపించుకుని ఎక్కండి. దిగేటప్పుడూ అంతే, అయితే అప్పుడు వెనక బ్రేకు కొద్దిగా పట్టి ఉంచండి. రైల్వే గేటు దగ్గర పట్టాలకూ ఇదే సూత్రం. దిగే వీలు లేకపోతే చక్రం పట్టాను అడ్డంగా, నిలువు కోణంలో దాటాలి. ఏటవాలుగా వెళ్తే ముందు టైరు పట్టా పక్క సందులోకి దిగిపోతుంది.